కుడి నుంచి ఎడమకు

అల్మాస్‌పేట సందులో నా మిషను దుకాణం.
రైకలు కుట్టేదాని కాడికి
వీసా కాగితాలు చదివించుకోను వస్తాంటారు జనం.

దూదేకులోళ్ళం మేము, ఇంట్లో మాది తెలుగే.
నాకు అరబ్బీ నేర్పింది మసీదు కాదు,
సాల్మియాలో ఒగ వంటిల్లు.
ఉప్పు డబ్బా మీద మిల్హ్, చక్కెర డబ్బా మీద సుక్కర్.
మూత తీసి, నాలిక్కి తాకించి,
అప్పుడు అచ్చరం చూసేదాన్ని.
రుచి ముందు, చదువు తర్వాత.
పదకొండేండ్లు అట్ల చదివితి.

వచ్చినోళ్ళకు చెప్తాంటా:
అబ్బీ, ఇరవై నంబరంటే ఇంటి పని.
ఆ గడప దాటి అంగట్లో నిలబడితే
పట్టుకుని పంపిచ్చేది నిన్నే,
నీకు పనిచ్చినోన్ని కాదు.
పద్దెనిమిదంటే కంపెనీది.
ఇరవై నుంచి పద్దెనిమిదికి మారొచ్చునా అంటారు.
ఒగ ఏడు తెరుస్తారు ఆ తలుపు, ఒగ ఏడు మూస్తారు,
తెరిచినప్పుడు నువ్వు తలుపు కాడుండల్ల.
కాగితంలో కఫీలు ఒగడు, పనికాడ ఇంగొగడు ఐతే
దాన్ని ఆజాదు వీసా అంటారు.
ఆజాదంటే స్వాతంత్ర్యమంట!
ఏడాదికోసారి ఆ స్వాతంత్ర్యానికి బాడుగ కట్టల్ల.

నిన్న మాపటేళ
చక్రాయపేట పక్క పల్లె నుంచి ఓబులేసు వచ్చె.
జేబులో కొత్త లైసెన్సు, హెవీ.
ఏడురోడ్ల కాడ ఏజెంటు చెప్పినాడంట:
డ్రైవరు వీసా, పెద్ద బండి, ఏసీ, నూటిరవై దినార్లు.
రెండు లక్షల నలభై వేలు తీసుకున్యాడంట.
"యాడ తెచ్చినావురా?"
"మందమ్మితిమి అత్తా. ముప్పైనాలుగు జీవాలు.
పొట్టేలొకటి మిగిలె. అది కుంటిది, యాపారి వద్దన్యాడు."

కాగితం పరిస్తి మిషను బల్ల మీద.
కుడి నుంచి ఎడమకు.
పేరు సరే. పాస్‌పోర్టు నంబరు సరే.
పని అనే గడి కాడ నా వేలు నిలబడిపాయ.
సాయఖ్ అని ఉండల్ల ఆడ.
ఈ అచ్చరాలు అవి కావు.
పండగ ముందర మాంసం వచ్చే అట్టపెట్టెల మీద
ఏటేటా చూసిన మాట ఇది,
గనమ్.
దాని ముందర రాయీ.
మన రాయి కాదు. కాపరి.

ఎట్ల చెప్పేది?
బాబిన్లో దారం ఐపోయినట్టు నటిస్తి.
తీసిన బాబిన్నే మళ్ళీ పెడితి.
వాడు గోడ మీద క్యాలెండరు తిప్పి
వచ్చే నెల వారాలు లెక్కబెట్టుకుంటాండాడు.

చెప్తి.

ఏడ్సలేదు. ఏజెంటును తిట్టలేదు.
చానాసేపటికి అడిగె:
"ఆడ మేపు యాడుంటాది అత్తా?"
"ఉండదు. ఎడారి. గుడారం. నీళ్ళ ట్యాంకరు
వచ్చినప్పుడు వస్తాది."
"ఎన్నుంటాయి?"
"నాలుగు నూర్లు, ఐదు నూర్లు. నీవి కావు."
వాడు నవ్వె.
"మా నాయన నన్ను డ్రైవింగు బడికి తోలిందే
మందెనక తిరగొద్దని."
ఆ నవ్వు దుకాణంలో యాడ పెట్టల్లో తెలీక
నేను కత్తెర తీసి చేతిలో పట్టుకున్యా.

"పాస్‌పోర్టు స్టాంపింగుకు పాయెనా?"
"ఇంగా లేదు."
"వేలిముద్ర?"
"సోమవారం అన్నాడు."
"వెయ్యాకు. డబ్బుకు రశీదుందా?"
"సగం చేతికిచ్చినా, సగం ఫోన్‌పే కొట్టినా."
"ఆ సగమే మన సాచ్చి. దాన్ని జిరాక్సు తీపియ్యి."

సుద్ద తీసి నల్ల లైనింగు గుడ్డ మీద
రెండు మాటలు రాస్తి.
ఇది నువ్వు అడిగింది. ఇది వాళ్ళు రాసింది.
ఏ కాగితం వచ్చినా ముందు ఈ గడి చూడు,
జీతం తర్వాత చూద్దువు.
వాడు బాల్‌పెన్నుతో అరచేతిలో దించుకున్యాడు
మొదటి మాటను,
ఎడమ నుంచి మొదలుపెట్టి, కొట్టేసి,
మళ్ళీ కుడి నుంచి.
చివరచ్చరానికి రెండు చుక్కలుండల్ల, ఒగటే పెట్టినాడు.
చెయ్యి పట్టుకుని రెండోది నేను పెడితి.

పొద్దున ఏడురోడ్ల కాడికి ఇద్దరం పోవల్ల.
పెళ్ళోళ్ళ రైకలు నాలుగుండాయి, హుక్కులు కుట్టేవి.
ఆగనీ.