కొమ్ము కాలితే

పర్లాకిమిడిలో తెల్లారగట్ల రైలెక్కి
గుణుపురంలో దిగి, అక్కడ బస్సు పట్టుకుని
రాయగడ మేళాకి మూడు పెట్టెలు మోసుకొచ్చాను.
ఒకదాంట్లో జూకాలు, ఒకదాంట్లో గాజులు,
మూడోదాంట్లో దుప్పటి, అటుకులు, ఎండిన వేపాకు.
కొమ్ముకి పురుగు పడుతుంది,
నగ అయ్యాక కూడా వదలదు.

స్టాలు నంబరు నలభై మూడు.
ఇటు జెనరేటరు, అటు మిరపకాయ బజ్జీలు.
నెత్తిమీద బ్యానరు మీద ఒడియాలో నా పేరు.
కింతలి సూరీడమ్మ అని చెప్తే
సూర్యమణి అని రాశారు.
పోనీలే, మణి అన్నారు కదా.

ఒడియాలో పిలుస్తాను, హిందీలో బేరమాడతాను,
చిల్లర మాత్రం తెలుగులో, నోట్లో నోట్లో లెక్కపెట్టుకుంటాను.
శ్రీకాకుళం ఎగ్జిబిషన్‌లో ఒడిశా సరుకంటారు,
ఇక్కడికొస్తే తెలుగామె దుకాణమంటారు.
గేదెకి ఆ గొడవ లేదు.
గట్టుకి అటూ ఇటూ మేసి
పొద్దుగూకేసరికి ఇంటికొచ్చేది.

మొదటి రోజు అందరిదీ ఒకటే ప్రశ్న:
ప్లాస్టిక్కా?
కాదమ్మా, కొమ్ము. నిప్పుల మీద వెచ్చజేసి,
మెత్తబడ్డప్పుడు వంచి, చెక్కల మధ్య బిగించి,
ఆకురాయితో అరగదీసి, బొగ్గుపొడితో, నూనెగుడ్డతో
నా మొహం నాకు కనిపించేదాకా తోమిన కొమ్ము.
నమ్మలేదు.
అగ్గిపుల్ల గీసి చిన్న ముక్క కాల్చి చూపించాను.
వెంట్రుక కాలిన వాసన.
నమ్మారు.
ముక్కు మూసుకుని వెళ్ళిపోయారు.

మర్నాటి నుంచి అగ్గిపెట్టె సంచిలోంచి తియ్యలేదు.

ఒక కాలేజీ పిల్ల ఆరు జతలు పెట్టుకుంది,
ఆరు ఫొటోలు తీసుకుంది.
అద్దం నాది, బల్బు నాది, చెవులు దానివి.
'ఆంటీ, ఎంత బాగున్నాయో' అంటూ
అన్నీ వరసగా సర్దిపెట్టి మరీ వెళ్ళింది.
కోప్పడదామంటే ఒక్కటీ వంకర పెట్టలేదు.

కళ్ళజోడు పెద్దమనిషి ఒకాయన
చేప జూకా తిప్పి తిప్పి చూసి
నెలకి వెయ్యి జతలు ఇవ్వగలవా అన్నాడు.
నాకున్నవి రెండు చేతులు, గేదెకున్నవి రెండు కొమ్ములు,
మీరే లెక్క కట్టండి బాబూ అన్నాను.
నవ్వి, ఫొటో తీసుకున్నాడు.
వచ్చే ఏడాది ఇదే మేళాలో ఇదే చేప
ముప్పై రూపాయలకి దొరుకుతుంది,
కాల్చినా వెంట్రుక వాసన రాకుండా.

నాలుగో రోజు గాలివాన.
పెట్టెలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.
తడిస్తే కొమ్ముకి పాత వంపు గుర్తొస్తుంది.
బజ్జీల దాలయ్య పొయ్యి దగ్గరికి రమ్మన్నాడు.
వారం రోజుల్లో నా సరుకు గురించి
ఏమీ అడగని మనిషి అతనొక్కడే.

ఆఖరి సాయంత్రం, జెనరేటరు ఆగిన చీకట్లో,
బిస్సంకటక్ వైపు ముసలామె ఒకతె
అడుగున దాచిన గాజు వెతికి పట్టుకుంది.
చెయ్యి లాగేసిన ఒక రాత్రి
ఆకురాయి కింద పడేసి
గరుకుగానే వదిలేసిన గాజు అది.
పైన కణుపులు కణుపులు అలాగే ఉండిపోయాయి.
బొటనవేలితో తడిమి, పెదాలు కదిపి,
సగం ఒడియా సగం తెలుగులో
'నాలుగు ఈతలు' అంది.
'ఆఖరి ఈతకి మేత లేదు దీనికి. చూడు,
ఇక్కడ కట్టు సన్నబడింది.'
వెల అడగలేదు.
గాజు నా చేతికే తొడిగి వెళ్ళిపోయింది.

ఇరవై రెండేళ్ళలో
ఎన్ని ఈతలు అరగదీసి పొడి చేశానో
తిరుగు బస్సులో లెక్క వెయ్యబోయాను.
గుణుపురం రాకముందే నిద్రపట్టేసింది.

మొన్న బరంపురంలో ఒకావిడ
నా ముంజేయి పట్టుకుని 'ఇది కేతే?' అంది.
అమ్మేది కాదు అనబోయి
నోరు జారి, నాలుగు ఈతలు అన్నాను.
ఆవిడకి తెలుగు సగమే వచ్చు.
నాలుగు వంద నోట్లు తీసి బల్ల మీద పెట్టింది.

డబ్బు బల్ల మీదుంది.
గాజు చేతికుంది.
వెనక మనుషులు తోసుకుంటున్నారు.