తడి దూది

జిన్నింగు మిల్లు వెనక గోనెల కుప్ప మీద
గింజ మళ్ళీ గీక్కుంటా ఉండాది.
వెనక కాలు చెవి కిందికి పోయి
దారం తెగిన కుట్టుమిషను మాదిరి
ఊరికే ఆడుతుంది, ఏమీ కుట్టదు.

"గోమార్లు పట్టినాయి మే, హులిగెమ్మా" అన్నాడు మేస్త్రీ ఈరప్ప.
"చేన్లకు కొట్టే మందు రోంత మిగిలుండాది,
మూతలో పోసి పూస్తే సరి."
పిల్లి ఒళ్ళు పిల్లే గదా నాక్కునేది అన్నా.
పురుగు ఏదో, పిల్లి ఏదో
ఆ మందుకు యాడ తెలుస్తాది?

రజియాబీ ఇంట్లో పేల దువ్వెన అడిగి తెచ్చినా.
తోక మొదట్లో, నడుం మీద,
వెంట్రుకలకు ఎదురు దువ్వినా.
ఆ పురుగులకు ఆ చోటే ఇష్టమంట,
పిల్లి నాలిక అందీ అందని చోటు.
రాలినాయి నల్లగా,
గసగసాల కన్నా సన్నం.
ఈరప్ప నవ్వినాడు, జెప్పల్యా అన్నట్టు.

ఆదోనిలో పుట్టినదాన్ని, దూదికి కరువా?
పిడికెడు తీసి బోరునీళ్ళలో ముంచి పిండి
ఆ నలుసులు దాని మీద చల్లినా.
పురుగు పెంట అయితే ఎర్రగా కారుతాదంట,
తాగిన నెత్తురు మళ్ళీ నెత్తురై.
దుమ్మయితే దుమ్ముగానే పడుంటాదంట.
పశువులాసుపత్రి కాంపౌండరు దస్తగిరి మాట ఇది.

కూచున్నా.
షిఫ్టు గంట కొట్టినారు, లేవలా.
దూదిలో చెత్త ఏరి ఏరి అరిగిన కండ్లు ఇవి,
గంపకింత అని కూలి.
ఇంత చిన్న చెత్తను ఇంతసేపు చూసింది
కూలి లేని ఈ పొద్దే.
నలుపు నలుపుగానే ఉండాది.
ఎరుపు రాలా.
మిల్లు మసి అది, రోలర్ల నూనె,
నా కొంగు దులిపినా రాలేదే.

మరి గీకుడేంది?

ఎండలోకి ఎత్తుకపోయి చెవి మడిచి చూసినా.
రూపాయి బిళ్ళంత బోడి చోటు,
అంచున తెల్లగా పొట్టు.
వెంట్రుకలు ఊడలా, విరిగినాయి,
కోత అయినంక చేన్లో మిగిలిన జొన్న కొయ్యల మాదిరి.
పురుగు ఇంత గుండ్రంగా కొరకదు.
పురుగుకు అంత ఓపిక యాడిది?

అప్పుడు తెలివొచ్చింది.
ఎడమ మణికట్టు, గాజుల కింద,
దూది పడలేదులే అనుకుంటా
గాజులు పైకి తోసి తోసి
నెల నుంచి నేను గీక్కుంటున్న చోటు.
గాజులు తీసినా.
అదే బిళ్ళ. అదే అంచు.

"తామర" అన్నాడు దస్తగిరి,
దాని చెవినీ నా చేతినీ పక్క పక్కన పెట్టి.
"ఎవరి నుంచి ఎవరికన్నా?"
"అది చెప్పే దూది ఇంగా పండలేదమ్మా.
దాని మందు నువ్వు పూసుకోవాక,
నీ మందు దానికి పూయాక.
నువ్వు పెద్దాసుపత్రికి పో.
గోనెలు మాత్రం కాల్చేయండి."

సాయంత్రం ఈరప్పకు చెప్పినా, పురుగు గాదు, తామరని.
రెండడుగులు జరిగినాడు,
పిల్లి నుంచి గాదు, నా నుంచి.
పొద్దున్నుంచి మధ్యాన్నం దాకా
ఆ గోనెల మీదనే గదా ఆయప్ప నిద్ర!
జరిగి, తల పక్కకు తిప్పి,
కాలరు కింద వేలు పెట్టి
తెలీకుండానే గీక్కుంటా ఉండాడు.

చెప్తా.
ముందు ఆ మందు సీసా నా చేతికిస్తే.