వల ఎనుక

సోహార్ కాలేజి గ్రౌండుల
ఉత్తరం దిక్కు గోలు ఎనుక, నీళ్ల పైపు చుట్ట మీద
నా కూసునే జాగ.
అక్టోబరు సంది మార్చి దాంక ఆడనే ఉన్న.
ఆట ముందటికెల్లి ఎట్లుంటదో నాకు తెల్వది.
వల గళ్లలకెల్లి తెలుసు,
గళ్ల లుంగీ మొఖం మీద కప్పుకొని
ఎండను చూసినట్టు.

గడ్డికి నీళ్లు, సున్నపు గీతలు, వల. ఇంతే నా పని.
సిరిసిల్లల పదకొండేండ్లు సాంచలు నడిపినోనికి
తిన్నగ గీత గీసుడు ఒకలు నేర్పాల్నా?
కోచ్ పేరు మున్సిఫ్, ట్యునీసియా ఆయన.
పేరు వినంగనే నాకు కోర్టు యాదికొచ్చింది.
తొలిరోజు ఒంగి, ఒక కన్ను మూసి
గీత పొడుగూత చూసిండు.
అప్పటిసంది నన్ను ఇంజినీర్ అంటడు.

ఇబ్రీ మీద నాలుగు సున్న.
నిజ్వాకు బస్సుల పోయిండ్రు, నన్ను తీస్కపోలే.
రాత్రి పదకొండింటికి గేటు కాడ దిగినప్పుడు
ఒక్క పోరడన్న పాట పాడుతలేడు.
ఇంక స్కోరు అడుగుడెందుకు?
రుస్తాఖ్ మీద యఖ్దాన్ కొట్టిన బంతి
పోలుకు తలిగి మోగిన మోత
ఇంకా నా దవడ పండ్లల్ల ఉన్నది.
డిసెంబరుల మాత్రం ఏమైందో ఏమో,
వరుసగ మూడు గెలిచిండ్రు.
మెస్సుల నాకు ఉట్టిగనే కరక్ చాయ్.

గోలు పడ్డంక అజ్జాన్ ఒక్కసారి ఎనుకకు చూస్తడు.
మా కీపరు, రెండో సంవత్సరం ఎలక్ట్రికల్.
చూసేసరికి ఎదురుంగ నేనే.
పర్వాలేదు బిడ్డా అనుడు
అరబ్బీల నాకు అప్పటికి రాదు.
పైపు దిక్కు చూసేటోన్ని.

జనవరి. సహమ్ మీద మ్యాచు.
ఓడకుంటే చాలు, సెమీస్ల ఉంటం.
ఒకటి ఒకటి. ఇంకారు నిమిషాలు.
కుడిదిక్కు కింద వల పిగిలి ఉన్నది.
నైలాన్ దారం కావాలని రెండుసార్లు రాయిచ్చిన,
రాకపోతే బట్టల తాడుతోని కట్టిన. అదే నా తప్పు.

వాళ్ల ఏడో నంబరు కొట్టిండు.
బంతి లోపలికి సొచ్చి, పొక్కలకెల్లి ఎల్లి
నా మోకాలికి తలిగింది.
రిఫరీ బయటికని చెయ్యి చూపిచ్చిండు.
సహమ్ పోరలు ఒకటే లొల్లి.
ఆయన వల చుట్టు తిరిగొచ్చి
నా ముందట నిలవడి హిందీల అడిగిండు:
నువ్వు చూసినవా?

మావోళ్లు పదకొండు మంది
నా నోటి దిక్కు.

పోగు తెగితే సాంచ ఆపాలె.
ఆపకుంటే సేటు మడతల చూడక తీస్కుంటడు గని
ఎవలో ఎక్కడనో కట్టుకున్ననాడు
ఆ సందు నోరు తెరుస్తది.
ఇదంత ఇప్పుడు అంటున్న.
అప్పుడైతే ఏం ఆలోచించలే,
పొక్కల ఏలు వెట్టి చూపిచ్చిన.

చాయ్ బందయింది.
మున్సిఫ్ సారు నాలుగు రోజులు
నన్ను ఏ పేరుతోని పిలువలే.

అయిదోనాడు అజ్జాన్ వచ్చిండు.
చేతుల వాళ్లయ్య వల అల్లే సూది,
పచ్చ దారం ఉండ.
సలాం లేదు, ముచ్చట లేదు. కింద కూసొని
చాపలోళ్ల ముడి వేసి నాకు చూపిచ్చిండు.
నేను సాంచ ముడి చూపిచ్చిన.
రెండూ గుంజి చూసుకున్నం, ఏదీ జారలే.
బంతి లోపలికే పోయింది, నాకు తెలుసు అన్నడు.
నేను చెప్పకపోతుంటి.
నువ్వు చెప్పినవు, ఇంటికి పోయి నిద్రపోయిన.

ఆఖరి మ్యాచు షినాస్ మీద, ఒకటి సున్న.
గెలిచినా పట్టికల ఏం మారది.
మా దిక్కు వల ఒక్కసారి గూడ ఉబ్బలే.
అజ్జాన్ ఎనుకకు చూడలే, చూసే పని పడలే.
నాకు జెర ఎల్తిగనే అనిపిచ్చింది.

మే నెల. గడ్డి ఎండి గోనెపట్ట రంగయింది.
వల విప్పి, మడిచి, స్టోరు రూంల పెట్టిన.
రిజిస్టరుల రాసిండ్రు: వల ఒకటి, పాతది.
తాళం తీసినప్పుడల్లా ఆ రూంల
చాపల వాసన.