జానెడు తీగ

డీజిల్ కాలనీకి పోయే తొవ్వల
మోటర్లు చుట్టే దుకాణం నాది.
యాసంగి ఎండలకు కాలిపోయినయన్ని
నల్లటి పేగులు బయటేసుకొని
గోడ పొంటి కూసుంటయి.
వాటి నడుమ ఒకనాడు
గిటారు తెచ్చి పండవెట్టిండు ఏలియా,
లోకోషెడ్డు ఫిట్టరు దానియేలు చిన్నకొడుకు.

"అక్కా, లోపలి వైర్లు మార్చాలె."
అంగి జేబుల కెల్లి పొట్లం తీసిండు.
గుడ్డ తొడుగు, వెండి పూత,
జానెడు తీగ, ఇంకో నాలుగేళ్లు.
ధర చెప్పిండు.
బోరు మోటరు మొత్తం చుట్టినా
నాకంత ముట్టదు.

"ఏం మారుతది?"
"సౌండు. పైన మెరుపొస్తది, కింద బరువొస్తది."
"ఎవలన్నరు?"
"అందరంటున్నరు."

వెనక మూత ఇప్పిన.
ఎర్రది, నల్లది, మామూలు తీగలే.
ఒక్క అతుకు మాత్రం
ఎండిన చింతగింజ లెక్క పగిలున్నది.
పికప్పు మీద గోటితోని కొట్టి అడిగిన:
"దీంట్ల ఎన్ని చుట్లున్నయో ఎర్కేనా?
ఏడెనిమిది వేలు.
వెంట్రుక కన్న సన్నటి రాగి,
ఇప్పి పరిస్తె ఫాతిమానగర్ దిక్కు
కిలోమీటరు దాటి పోతది.
అంత దూరం ఉత్త రాగి మీద నడిచొచ్చిన సప్పుడు
ఆఖరి జానెడు వెండి మీద అడుగేస్తె
కాళ్ల దుమ్ము రాలుతదా?"

వాడు మాట్లాడలే.
మాట్లాడనోన్ని ఒప్పించినట్టు కాదు.

రెండు తీగలకు నడుమ ఒక స్విచ్చు పెట్టిన.
యూరియా బస్తా తెర కట్టి
స్విచ్చు కాడ సమ్మయ్యను కూసోబెట్టిన.
వాయించుడు ఏలియా, చెప్పుడు ఏలియానే.
"వెండి." "రాగి." "రాగి." "గిది వెండే, ఒట్టు."
ఇరవైసార్లకు పదకొండు ఒప్పైనయి.
బొమ్మా బొరుసా ఎగరేసినా
గన్నే అయితుండె.
సమ్మయ్య బస్తెనక నవ్వు ఆపుకోలేక
దగ్గినట్టు చేసిండు.

తర్వాత ఆ పగిలిన అతుకు కరగవెట్టిన.
ఎన్నడో సంది వస్తున్న గరగర
టక్కున ఆగిపోయింది.
దానికి తెర అక్కెర పడలే.
"పది రూపాయలియ్యి, సీసానికి."

ఇచ్చిండు. ఇచ్చి,
"అయినా గీ కొత్త వైరే వెయ్యక్కా" అన్నడు.
వేసిన. పైసలు వానియి, గిటారు వానిది.

ఆదివారం చర్చి బయట
స్కూటర్ కాడ నిలవడి ఇన్న.
మునుపు తల వంచి వాయించేటోడు,
గియ్యాల తలెత్తి, కండ్లు మూసుకొని.
బాగనే అనిపించింది.
నన్ను సాచ్ఛెం అడగకున్రి,
గ్రైండరు సప్పుడుకు నా ఎడమ చెవు
సగం ఎప్పుడో పోయింది.

ఇంకో మాట చెప్పాల్నా, వద్దా?
మా నాయిన ఇడిసిపోయిన టంకం కడ్డి
పిడి కాలి, మూడుసార్లు గుడ్డ చుట్టి
ఇప్పటికీ దాంతోనే పని చేస్త.
సమ్మయ్య కొత్తది తెచ్చిండు,
వేడి తగ్గిచ్చే ముల్లు, ఎర్రలైటు అన్నీ ఉన్నయి.
దాంతోని అతికిస్తె నిలవడదన్న.
"అక్కా, తెర కట్టాల్నా?
ఇరవై అతుకులు పెడ్త,
ఏది ఏ కడ్డిదో చెప్పు."

పనున్నది, పోరా అన్న.