పై గిన్నె అడుగు

నిజ్వా సంతలో రాగి బిందెలు ఎండకి మండుతుంటే
ఖల్ఫాన్ ఫోన్ తీసి స్టీలు యంత్రం బొమ్మ చూపించాడు.
కరెంటు మీద నడుస్తుందట, గొట్టం ఉందట,
పనైపోతే దానంతటదే ఆరిపోతుందట.
జువైనా ముసలమ్మ ఫోన్ వంక చూడలేదు.
నా భుజం మీద చెయ్యేసి
"నువ్వు చూడు" అంది.

నాకేం తెలుసని?
వాళ్ళింట్లో గచ్చు కడిగేదాన్ని,
మేకలకి మేతేసేదాన్ని,
కొండమీద గులాబీలు విచ్చే నెలలో
తెల్లారకముందే గంప పట్టుకుని మళ్ళెక్కేదాన్ని.

అయినా చెయ్యి ఊరుకోలేదు.
గోటితో మీటాను.
మొదటి బిందె తడిసిన డప్పులా పలికింది,
ఎక్కడో అతుకుంది.
రెండోదాని లోపల వేలు రాస్తే నల్లగా వచ్చింది,
కళాయి అరిగింది.
మూడోది, పేరు పెట్టి పిలిస్తే పక్కింటావిడ పలికినట్టు,
"ఆఁ" అంది.
తీసుకున్నాం.

ఇక పై గిన్నె.
అసలు సంగతంతా పై గిన్నె అడుగులోనే ఉంటుంది.
బల్లపరుపుగా ఉంటే ఆవిరి నీరై
అంచులకి పాకి, గోడలమ్మట జారి
మళ్ళీ మంటకే పోతుంది.
అడుగు కోడిగుడ్డు మొనలా దిగాలి.
ప్రతి చుక్కా నడిమికి నడిచొచ్చి
కాసేపు వేలాడి, ఆలోచించి,
కింది గిన్నెలో పడాలి.
కొట్టువాడి నీళ్ళసీసా అడిగి
ఒక గిన్నె అడుగు తడిపి ఎత్తి పట్టాను.
చుక్కలన్నీ మధ్యకి వచ్చి నిలబడ్డాయి.
ముసలమ్మ చూసింది గిన్నెని కాదు, నా మొహాన్ని.

మా అమ్మ పేరు పళ్ళాలమ్మ.
గోదారి లంకలో రెల్లుపొదల వెనక ఆవిడ బట్టీ.
బెల్లం ఊట, తుమ్మచెక్క, కుండ మీద కుండ,
దాని మీద చన్నీళ్ళ గిన్నె.
నాకప్పుడు ఎనిమిదేళ్ళు.
పై నీళ్ళలో వేలు పెట్టడం,
చురుక్కుమంటే తోడి పారబోసి గోదారి తెచ్చి పోయడం,
అదే నా బడి.
"నీళ్ళు కాగితే సరుకు గాలిపాలవుద్దే పిల్లా!"
ఎక్సైజోళ్ళ మోటారు పడవ వినపడితే
ముందు పరిగెత్తడం కాదు, పొగ ఆర్పడం నేర్పింది.
ఒక రోజు ఆర్పలేకపోయాం.
పదకొండు కుండలు.
పెంకులేరి అమ్మ బీరపాదు చుట్టూ గుచ్చింది.

ఆ సరుకు తాగి లంకలో ఎంతమంది పోయారో
నేను లెక్క చెప్పను.
మా నాన్న ఆ లెక్కలో ఉన్నాడు.

కొండమీద మట్టిపొయ్యికి బిందె ఎక్కించాం.
రెండు గంపల రేకులు, ఫలజ్ కాలవ నీళ్ళు,
నడుమ గిన్నె, పైన గిన్నె.
సందుల్లో గోధుమపిండి మెత్తాను,
రొట్టెకి కలిపినట్టు కాదు, కాస్త గట్టిగా.
ఆరి బీటేసిన చోట ఆవిరి ఈలేసింది,
ఇంకో వేలెడు పిండి.
మంట సన్నంగా. తొందరపడితే రేకులు మాడి
అత్తరు బదులు మసి కంపొస్తుంది.
లోపల కనపడదు. చెవి ఆనించి కూర్చోవాలి.
చాలాసేపు ఏమీ లేదు.
తర్వాత, టప్.

మూత తీశాక
ముసలమ్మ చెంచాడు నా అరచేతిలో పోసింది.
పొగరంగు నీళ్ళు, కొండంత వాసన.
అప్పటికే నేను అగ్గిపుల్ల గీసేశాను.
అమ్మ తొలిచుక్కకి అంటించేది కదా,
నీలంగా వెలిగితేనే సీసాకెత్తేది.
పుల్ల అరచేతి నీళ్ళకి తగిలి
స్స్ అని ఆరిపోయింది.
ఆవిడ ఎందుకని అడగలేదు.

మళ్ళీ మూతేసి, పిండి మెత్తి, మంట ఎగదోశాక అడిగింది,
"నీకు ఎవరు నేర్పారు?"
"మా అమ్మ."
"ఆవిడ ఏ పూలు కాచేది?"

పై నీళ్ళలో వేలు పెట్టాను.
చురుక్కుమంది.
బిందె తీసుకుని కాలవకి లేచాను.