బత్తెం

గోసాని బ్లాకాఫీసు గోడవారన
నా కుర్చీకి మూడు కాళ్ళు, నాలుగోది ఇటుక.
ముప్ఫై ఏళ్ళుగా ఇక్కడే కూర్చుని
తెలుగులో ఏడ్చేవాళ్ళకి ఒడియాలో అర్జీలు రాస్తున్నాను.

పింఛనుని ఆఫీసులో భత్తా అంటారు.
దాలమ్మ బత్తెం అంటుంది.
తప్పనుకుని మొదట్లో దిద్దేవాణ్ణి.
కళ్ళంలో కూలికి గింజలు కొలిచిన నాటి మాట అది,
గుమస్తా నోట్లో పడి ఒత్తు తగిలించుకుంది, అంతే.

ఆమె అడ్డపొగ మనిషి.
చుట్ట వెలిగించి నిప్పువైపు నోట్లో పెట్టుకుంటుంది.
మంట లోపల, బూడిద లోపల,
పక్కనుంచి సన్నగా మాట ఒక్కటే బయటికి.
ప్రభుత్వం ఏం పెంచిందో ఆమెకి రూపాయల్లో చెబితే ఎక్కదు,
చుట్టల కట్టల్లో చెప్పాలి.

వంద ఇచ్చిన రోజుల్లో
ఉప్పూ పప్పూ కిరసనాయిలూ పోగా నెలకి నాలుగు కట్టలు.
రెండొందలయింది. నాలుగు కట్టలే.
మూడొందలయ్యేసరికి మూడున్నర,
ఆ సగం కట్ట ఎవరు తిన్నారని నన్నడిగింది.
తిత్లీ గాలికి కప్పెగిరిపోయిన ఏడు
కట్టల లెక్కే లేదు, తడిసిన పొగాకు వాసన తప్ప.
మరుసటేడు ఐదొందలన్నారు.
ఇప్పుడు వెయ్యి.
మైకులో చెప్పారు, గోడమీద రాశారు, లడ్డూ కూడా పంచారు.
వేళ్ళు మడిచి లెక్కేసుకుని
"నాలుగు కట్టలే బావూ" అంది.
"ఏటి పెరిగినాది? నోటు రంగు మారినాది."

మహేంద్రతనయ వేసవిలో మోకాలు దాటదు.
దాన్ని దాటితే మూడు వేలు.
అవతల పాతపట్నంలో చెల్లెలు గున్నమ్మకి నాలుగు వేలు,
ఒకటో తారీఖున కోడి కూసేవేళకి తలుపు తట్టి ఇస్తారు.
ఇవతల పదిహేనో తారీఖు దాకా ఆగి
పంచాయితీ వసారాలో
బొటనవేలు చీర కుచ్చెళ్ళకి తుడుచుకుంటూ కూర్చోవాలి.
ఒకప్పుడు అటు డెబ్బై అయిదు, ఇటు వంద.
అప్పుడు గున్నమ్మే ఏరు దాటొచ్చి
అక్క గుమ్మంలో కూర్చుని
"నీ రాత బాగుందే" అని ముక్కు చీదేదట.
ఆ సంగతి చెప్పేటప్పుడు మాత్రం
దాలమ్మ చుట్ట తీసి పక్కన పెట్టి నవ్వుతుంది.

నిన్న మళ్ళీ వచ్చింది.
ఎనభై దాటినవాళ్ళకి ఎక్కువిస్తారని ఎవరో చెప్పారట.
కార్డు తీసి చూశాను. డెబ్బై రెండు.
"నాకెనబై ఎప్పుడో దాటిపోనాయి బావూ.
మావోడు పోయిన ఏటికే ముగ్గురు మనవల్ని ఎత్తినాను.
ఆ పొద్దు నీకాడే గదా కాయితం రాయించినాను?"

గుర్తుంది.
ఎండ మండుతోంది, వెనక పదిమంది వరసలో ఉన్నారు.
వయసెంత అంటే ఏమో అంది.
మొహం కూడా సరిగా చూడకుండా
నలభై రెండు అని రాసేశాను.
ఆ అంకె ఓటరు కార్డుకి ఎక్కింది,
రేషను కార్డుకి ఎక్కింది, ఆధారుకి ఎక్కి
గట్టిపడి కూర్చుంది.
ప్రభుత్వాలు మారినప్పుడల్లా రేటు మారింది గాని
నా అంకెని ఎవరూ ముట్టలేదు.

కలం తీశాను.
"అయ్యా, నా వయసు పొరపాటున తక్కువగా నమోదైనది."
నమోదైనది.
ఎవరు చేశారో చెప్పక్కర్లేని మాటలు
ఒడియాలోనూ ఉన్నాయి, దేవుడి దయ.
రుజువులు అన్నచోట ఖాళీ వదిలేశాను.

వేలిముద్ర వేసింది. గీతల్లేవు,
నీలిమచ్చ ఒకటి.

కొంగుముడి విప్పి పదులు మూడు లెక్కపెట్టి
బల్లమీద పెడుతూ ఆగింది.
"రెండ్రూపాయల కాడ ఉండీవోడివి,
ముప్పై అయిపోనావు.
నీకెవుడు పెంచినాడు బావూ?"

వెటకారం కాదు. నిజంగానే అడిగింది,
ఆ ఆఫీసేదో తెలిస్తే
అక్కడా ఓ అర్జీ పెట్టుకుందామన్నట్టు.

కుర్చీ ఒక పక్కకి ఒరిగింది.
వంగి ఇటుక సర్దుకుంటూ
కిందే కాసేపు ఉండిపోయాను.