ఎడమ పక్క

పళ్ళెంలో సగం అన్నం తిని
ఇంకొంచెం పెట్టమంటాడు.
మిగతా సగం అట్టానే ఉంటాది, ఎవురో రావాల్సినోళ్ళకి తీసిపెట్టినట్టు.
మా అత్త దిష్టి అన్నాది.
నేను పొగరనుకున్నా.
సగం గడ్డం గీసుకుని, అద్దంలో చూసుకుని
బాగుందన్నాడు మస్తానయ్య, నా మొగుడు,
గూడూరు నిమ్మకాయల మార్కెట్లో
కంటిచూపుతో బస్తా తూకం చెప్పినోడు,
లారీ మీదనించి తలకిందులుగా పడినోడు.

నెల్లూరు ఆసుపత్రిలో, మెట్ల పక్కన చిన్న గది.
నస్రీన్ మేడం దగ్గర సూదుల్లేవు, మందుల్లేవు.
తెల్లకాగితం, పెన్సిలు.
"గడియారం గీయి మస్తానయ్యా."
గీసినాడు. గుండ్రంగానే గీసినాడు.
పన్నెండు అంకెలూ కుడిపక్కే,
పొదలకూరు బస్సులో జనం మాదిరి
ఒకదాని మీద ఒకటి.
ఎడమ పక్క ఖాళీ.
ఖాళీ అని ఆయనకి తెలీదు.

"కళ్ళు బాగానే ఉండాయమ్మా" అన్నాది మేడం,
"మెదడే ఆ పక్కకి పోవడం మానుకునింది.
అట్టాంటి పక్క ఒకటుందనే మర్చిపోయింది."
అడగాలనుకున్నది నేను అడగలేదు.
పెళ్ళిలో పంతులు నన్ను లేపి
మళ్ళీ కూర్చోబెట్టింది ఎడమపక్క.
రేషన్ కార్డు ఫొటోలో ఎడమపక్క.
మూడు నెలలుగా మంచానికి ఎడమపక్కనే నిలబడి
పిలుస్తుండా.

ఎర్ర దారం ఇచ్చినాది మేడం.
పళ్ళేనికి ఎడమ అంచున కట్టమన్నాది.
"దారం కనపడేదాకా తల తిప్పు. కనపడినాకే ముద్ద."
నాతో: "నువ్వు పళ్ళెం తిప్పొద్దు.
తిప్పితే అన్నం అయిపోతాది, జబ్బు అట్టానే ఉంటాది."
ఆకలిగొన్న మనిషి ముందు
చేతులు కట్టుకుని కూర్చోవడం ఎట్టాంటిదో
ఏ కాగితంలో రాసుకుంటాది ఆమె?

గురువారాలు నిమ్మకాయలు తీసకపోతా.
బల్ల మీద వరసగా పరిస్తే లెక్క పెడతాడు.
ఇరవై కాయలకి తొమ్మిదన్నాడు మొదట.
"నాకు లెక్క నేర్పుతారా!" అని బల్ల తోసినాడు.
గదంతా దొర్లినాయి.
మేడమే వంగి ఏరినాది, కుర్చీల కింద దూరి.
తొమ్మిది అని రాసుకునింది. తప్పు అని రాయలేదు.
తర్వాత పదకొండు. ఒక వారం పదహారు.
మళ్ళీ పది.

నిన్న దారం పులుసు తగిలి నల్లబడిందని
మార్చేదానికి ముడి విప్పుతుంటే
ఆయన మెడ కదిలింది,
తుప్పు పట్టిన గేటు మాదిరి, మెల్లిగా,
దారం దాకా, నా వేళ్ళ దాకా, గాజుల దాకా,
మొహం దాకా.
"ఎప్పుడొచ్చినావు?" అన్నాడు.
"పద్నాలుగేళ్ళయింది" అన్నా.
నవ్వలేదు. లెక్క పెడుతుండాడేమో.

ఈపొద్దు మళ్ళీ సగం గడ్డమే గీసుకున్నాడు.
మూర దారం రెండు రూపాయలు.
పది మూరలు కొన్నా.